కథలోకి దిగుదాం – మూడో పాఠం: పాచికలు ఎప్పుడు వేయించాలి?

ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు తలో పాత్రగా మాట్లాడుతూ ఆడే ఆట (రోల్‌ప్లేయింగ్ గేమ్) మనం నేర్చుకుంటున్నది. మొదటి రెండు పాఠాల్లో దానికోసం బల్ల చుట్టూ కూర్చునే నలుగురిని పోగేసుకున్నాం. పడవవాడు, పసరు వైద్యురాలు, వేటగాడు అంటూ ఆడేవాళ్లకు తలో పాత్ర తయారైంది. ఒక్కో పాత్రకీ బలం, చురుకు, తెలివి, మాటకారితనం అని నాలుగు గుణాలు పెట్టి, మైనస్ 1 నుంచి ప్లస్ 2 దాకా అంకెలు వేశాం. ఆ కాగితాలు ముందు పెట్టుకోండి.

ఈ ఆటలనగానే ఇరవై ముఖాల పాచిక గుర్తొస్తుంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చినప్పటి నుంచి ఆ ఆటతో పాటు పాచికలూ లోకమంతా తిరిగాయి. కావాలంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. కానీ ఒడిశాలోని మన పర్లాకిమిడిలో ఈ సాయంత్రమే ఆట మొదలుపెట్టాలంటే ఇంట్లో ఉన్న లూడో పాచికలు రెండు చాలు.

రెండూ కలిపి వేసి, వచ్చిన మొత్తానికి గుణం అంకె కలపండి. 10 గానీ ఆపైన గానీ వస్తే అనుకున్నది జరిగిపోతుంది. 7 నుంచి 9 వస్తే జరుగుతుంది గానీ ఏదో ఒకటి వదులుకోవాలి. 6, అంతకు తక్కువ వస్తే తర్వాత ఏమవుతుందో ఆట నడిపేవారు చెబుతారు. విన్సెంట్ బేకర్, మెగీ బేకర్‌ల అపోకలిప్స్ వరల్డ్ అనే ఆట 2010లో వచ్చింది. ఈ లెక్క దానిదే. కొత్తవాళ్లకు ఇంతకన్నా మంచి పద్ధతి లేదని నా అభిప్రాయం.

ఎందుకో చూడండి. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. ఏమీ కలపకపోతే అందులో 6 పూర్తి గెలుపు, 15 నడిమి ఫలితం, 15 దెబ్బ. ప్లస్ 1 ఉన్న పాత్రకు అదే లెక్క 10, 16, 10 అవుతుంది. ఒక్క అంకెతో గెలుపు బాగా పెరిగింది, అయినా నడిమి ఫలితమే ఎక్కువసార్లు పడుతుంది. కథంతా పండేది అక్కడే.

ఇక అసలు సంగతికి వద్దాం. తలుపు తీయాలన్నా, మెట్టెక్కాలన్నా, ఊళ్లో దారి అడగాలన్నా పాచికలు వేయించేవాళ్లుంటారు. అలా నడిపితే గంటలో ఆట చప్పబడిపోతుంది. చందమామ సీరియల్స్ చదివినవాళ్లకు 'ఇంకా ఉంది' అన్న మాట ఎక్కడ పడేదో బాగా తెలుసు. కత్తి లేచాక, అది దిగేలోపు పడేది. కామిక్స్‌లో అయితే పేజీ తిప్పడానికి ముందున్న చివరి బొమ్మ. పాచికలు చేతికివ్వాల్సిన చోటు అదే. ఇచ్చే ముందు మనసులో రెండు ప్రశ్నలు వేసుకోండి. నెగ్గితే ఏం మారుతుంది? తప్పితే ఏం మారుతుంది? రెండింటికీ జవాబు దొరక్కపోతే పాచికలు ముట్టుకోవద్దు. 'సరే, తలుపు తెరుచుకుంది' అనేసి ముందుకెళ్లండి.

ఒక ఘట్టం చూద్దాం. వానాకాలం, మహేంద్రతనయ నది పొంగుతోంది. అవతలి గూడెంలో జ్వరాలు, మందు చేర్చాలి. ఆట నడిపేది అక్క. తమ్ముడిది పడవవాడి పాత్ర, పిన్ని కూతురిది వైద్యురాలు. వేటగాడుగా పక్కింటి ఒడియా అబ్బాయి.

"అక్కా, పడవ లాభం లేదు. తాడు కట్టుకుని నేను ముందు దాటేస్తా."

"దాటు. మందుల సంచీ నీ భుజానే ఉంది, అది తడిస్తే పనికిరాదు. తెలిసే దిగుతున్నావుగా? బలం మీద వెయ్యి."

నాలుగు, మూడు. బలం ప్లస్ 1. "ఎనిమిది! పడిందా?"

"పడింది, గట్టు చేరతావు. కానీ నడి ఏట్లో ఉండగా పెద్ద దుంగ కొట్టుకొచ్చింది. తప్పించుకోవాలంటే ఒక చెయ్యి ఖాళీ చెయ్యాలి. సంచీ వదులుతావా, తాడు వదులుతావా? తాడు పోతే మిగతావాళ్లు ఇవతలే ఉండిపోతారు."

"సంచీ వదలకురా!" అని వైద్యురాలు, "తాడు, తాడు!" అని వేటగాడు. తమ్ముడు ఇద్దరి వైపూ చూస్తున్నాడు.

అక్క చేసిన పని గమనించండి. ఏం పోవచ్చో పాచికలు వేయకముందే చెప్పింది. ఎనిమిది పడ్డాక తానే తీర్పు ఇవ్వకుండా ఎంపికను తమ్ముడికి వదిలేసింది. ఈ రెండూ అలవాటైతే ఆట నడపడం సగం వచ్చినట్టే.

ఇక అయిదు పడితే? 'దాటలేకపోయావు, మళ్లీ వెయ్యి' అనొద్దు. ఆ మాటతో కథ గోడకు తగిలి ఆగిపోతుంది. ఏరు అతణ్ని ఈడ్చుకుపోయింది, స్పృహ వచ్చేసరికి కొండ దిగువన ఉన్నాడు, పక్కన మనిషంత పొడవున్న పాదముద్ర. మన ప్రాంతంలో ఇలాంటివి ఊహించడానికి కష్టపడనక్కర్లేదు. 1,501 మీటర్ల మహేంద్రగిరి మీద భీముడి పేర, కుంతి పేర రాతి గుళ్లున్నాయి. పరశురాముడు ఇప్పటికీ అక్కడే తపస్సులో ఉన్నాడని నమ్మకం. భీముడి గుడికి పేర్చిన బండలు చూస్తే ఇవి ఎత్తినవాళ్లెవరు అనే ప్రశ్న పిల్లలకైనా వస్తుంది. మీ లోకంలో దానికి జవాబు మీరే రాయండి. ఏటి దెబ్బ తిన్న పడవవాణ్ని ఆ జవాబు దగ్గరికి తీసుకెళ్లండి.

ఒక మాట. మన వైపు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివే పిల్లలు చాలామంది. తెలుగు లిపి రాదని ఎవరినీ ఆటకు దూరం చేయకండి. పాత్ర కాగితంలో గుణాల పేర్లు రెండు లిపుల్లోనూ రాయండి, మిగతాదంతా అంకెలే కదా. మాట ఏ భాషలో వచ్చినా ఒప్పుకోండి. వేటగాడు ఒడియాలో బేరమాడితే సంత ఇంకా నిజమనిపిస్తుంది.

పాచికలు అడ్డం వెనక దాచి వేసే నడిపేవాళ్లూ ఉన్నారు. నేను దానికి ఒప్పుకోను. అష్టా చెమ్మాలో గవ్వలు అందరి కళ్ల ముందే పడతాయి, అందుకే పడిన పందేన్ని ఎవరూ కాదనరు. ఇక్కడా అంతే. మీకు నచ్చని అంకె పడినా దాన్నే కథగా మలచండి.

ఈ వారం అభ్యాసం. నౌపడా నుంచి గుణుపురం పోయే రైలు దారిలో టెక్కలి, పాతపట్నం, కాశీనగర్ తీసుకోండి. మీ ఊహాలోకంలో అవి మూడు మజిలీలు. ఒక్కోచోట ఒక్క ప్రమాదం పెట్టి, దానికి 7 నుంచి 9 పడితే ఏం వదులుకోవాలో రెండు ఎంపికలుగా రాయండి. రెండింటిలో ఏది వదలాలో మీకే తేలకపోతే సరిగ్గా రాసినట్టు. వెంటనే తేలిపోతే కొట్టేసి ఇంకోటి రాయండి. వచ్చే పాఠంలో రాక్షసుల గొంతు ఎలా పలకాలో చూద్దాం, అప్పుడు ఈ మూడు మజిలీలూ కావాలి.