టమాటా ఆకు పచ్చగా లేదా? యూరియా వేసే ముందు ఇది చూడండి

ఆకు పాలిపోయిందనగానే మనవాళ్ళు ముందు యూరియా చేతిలోకి తీసుకుంటారు, కానీ ఒక్కోసారి తేడా మట్టిలో కాదు, విత్తనంలోనే ఉంటుంది. ఒకే ట్రేలో ఉన్న నారంతా పాలిపోతే మట్టి, నీళ్ళు, ఎండ సంగతి చూడండి. అక్కడొకటి ఇక్కడొకటి, అదీ మొలిచినప్పటి నుంచే రంగు తేడాగా ఉంటే జీన్ (జన్యువు) మీద డౌట్ పడాలి.

సమస్య: సొంత విత్తనం వేస్తే కొన్ని మొక్కలు పసుపు, కొన్ని పచ్చ.

కారణం: పచ్చవి మూడొంతులు, పసుపువి ఒక వంతు వస్తే అది రిసెసివ్ జీన్, అంటే రెండు కాపీలూ ఉంటేనే బయటపడేది. అలా కాకుండా పసుపువే పచ్చవాటికి రెండింతలు ఉంటే క్సాంథోఫిల్లిక్ లాంటి మ్యుటేషన్ (జీన్‌లో వచ్చిన మార్పు) అయ్యుండొచ్చు. ఇందులో మారిన జీన్ ఒక్క కాపీ ఉన్న మొక్క పసుపుగా బతికేస్తుంది, రెండు కాపీలూ అవే అయితే నారులోనే చచ్చిపోతుంది, అందుకే నాలుగింట ఒకటి లెక్కలోంచి మాయమై మిగతావి రెండు పసుపు, ఒకటి పచ్చగా కనపడతాయి. ఐదారు మొక్కలు చూసి మాత్రం తేల్చేయకండి, ట్రే నిండా వేసి లెక్కపెట్టండి.

పరిష్కారం: ఎరువుతో పోయేది కాదు. క్సాంథోఫిల్లిక్ అయితే పచ్చ మొక్క విత్తనం తీసుకుంటే చాలు, దాంట్లో ఆ జీన్ ఉండదు. రిసెసివ్ అయితే పచ్చ మొక్కలో కూడా దాక్కుని ఉంటుంది కాబట్టి ఏ మొక్క విత్తనం ఆ మొక్కది విడిగా వేసి, అన్నీ పచ్చగా వచ్చిన దాన్నే ఉంచుకోండి.

సమస్య: లేత ఆకు పసుపు, ఈనెలు మాత్రం పచ్చ.

కారణం: ఐరన్ అందట్లేదు. ఎక్కువసార్లు సున్నం ఎక్కువున్న నేల వల్లే. కానీ ఫెర్ అనే జీన్ పాడైన మొక్కకి మట్టిలో ఐరన్ ఉన్నా వేరు లాగలేదు.

పరిష్కారం: లీటరు నీళ్ళలో 5 గ్రాముల అన్నభేది (ఐరన్ సల్ఫేట్), గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రం పూట స్ప్రే చేయండి. పక్క మొక్కలన్నీ బాగుండి ఇదొక్కటే మళ్ళీ మళ్ళీ పసుపెక్కుతుంటే దాని కొమ్మని మామూలు టమాటా వేరు మీద అంటు కట్టి చూడండి, పచ్చబడితే లోపం వేరులో ఉన్నట్టే.

సమస్య: ఆకు మీద సున్నం కొట్టినట్టు తెల్ల మచ్చలు, ఎండలో ఇంకా ఎక్కువ.

ఘోస్ట్ అనే మ్యుటేషన్‌లో ఇలాగే ఉంటుంది. ఆకుని ఎండ నుంచి కాపాడి, కాయకి రంగిచ్చే కెరోటినాయిడ్లు సరిగ్గా తయారవక ఆకు పచ్చదనాన్ని ఎండ తినేస్తుంది, కాయ కూడా ఎరుపెక్కదు. నారుకి షేడ్ నెట్ వేస్తే కొంత నయం.

సమస్య: నారు కాండం మీద ఊదా రంగే లేదు, ఒట్టి పచ్చ.

ఇది రోగం కాదు, ఊదా రంగునిచ్చే ఆంథోసయనిన్ తయారవ్వని రకం, పీకేయకండి. హైబ్రిడ్ విత్తనం చేసేవాళ్ళకి ఇది బంగారం, ఎందుకంటే ఇలాంటి జీన్ ఒకటి పుప్పొడి రాకుండా చేసే జీన్ పక్కనే 2వ క్రోమోజోమ్ (జీన్లు వరసగా ఉండే పోగు) మీద ఉంది, రెండూ దాదాపు ఎప్పుడూ కలిసే వస్తాయి, కాబట్టి పూత దాకా ఆగకుండా నారులోనే కాండం చూసి మగ వంధ్య మొక్కల్ని ఏరుకోవచ్చు.

ఇక బాగా ఎదిగిన మొక్కకి పైఆకులు ముడుచుకుని పసుపెక్కితే జీన్ల జోలికి పోవద్దు, అది ఎక్కువగా తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. ఆ మొక్కని పీకి కవర్లో కట్టి పారేయండి, పక్కవాటికి పసుపు జిగురు అట్టలు పెట్టండి.