ఇంట్లోనే రక్తం చుక్క తీసి పరిశోధనకు పంపడం ఎలా

రక్తం పరీక్షించి మీకు రిపోర్టు ఇచ్చి, ఆ వివరాలను పరిశోధనకూ వాడే లాభాపేక్ష లేని సంస్థలు పంపే కిట్‌లో సాధారణంగా లాన్సెట్లు (వేలికి పొడిచే చిన్న సూదులు), స్పిరిట్ స్వాబ్, గాజ్ ముక్క, వలయాలు అచ్చువేసిన ఫిల్టర్ పేపర్ కార్డు, తేమ పీల్చే సిలికా పొట్లం, తిరుగు కవరు ఉంటాయి. పసిపిల్లల పరీక్షల కోసం 1960ల్లో రాబర్ట్ గత్రీ వాడుకలోకి తెచ్చిన కార్డు పద్ధతే ఇది. మీ నమూనా మీ రిపోర్టుతో ఆగదు, పేరు తీసేశాక పరిశోధకుల పట్టికలోకీ వెళ్తుంది. అందుకే ఇక్కడ జరిగిన పొరపాటు రెండు చోట్ల లెక్క తప్పిస్తుంది.

ముందుగా రక్తం తీసే రోజు కుదుర్చుకోండి. జ్వరం, జలుబు ఉంటే సీఆర్పీ (ఒంట్లో వాపును చూపే ప్రోటీన్) పెరుగుతుంది కాబట్టి తగ్గాక రెండు వారాలు ఆగడం మేలు. ట్రైగ్లిజరైడ్ల (రక్తంలోని ఒక రకం కొవ్వు) పరీక్షకు పరగడుపున ఉండమంటే 9 నుంచి 12 గంటలు ఏమీ తినొద్దు, నీళ్లు తాగొచ్చు. రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షకు పరగడుపు అక్కర్లేదు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్లు ఎన్నాళ్ల ముందు ఆపాలో సంస్థను అడగండి, కొన్ని థైరాయిడ్ పరీక్షలను అది తారుమారు చేస్తుంది. డాక్టరు రాసిన మందు మాత్రం సొంతంగా ఆపకండి.

ఎక్కువ కార్డులు పాడయ్యేది వేలు పొడిచే దగ్గరే. ముందుగా ఒక గ్లాసు నీళ్లు తాగి, చేతులు గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచి, బాగా తుడుచుకోండి. చెయ్యి కిందికి వేలాడదీయండి. మధ్యవేలు గానీ ఉంగరం వేలు గానీ తీసుకుని స్పిరిట్‌తో తుడిచి, అది పూర్తిగా ఆరేదాకా ఆగండి. తడి మీద పొడిస్తే చుక్క గుండ్రంగా నిలవకుండా వేలంతా పరుచుకుంటుంది, రక్తకణాలూ చితుకుతాయి. వేలి కొసన కాదు, నడిమధ్యనా కాదు, కాస్త పక్కగా పొడవండి. భయపడి లాన్సెట్‌ను పైపైన ఆనిస్తే చిన్న గాటు పడుతుంది, మళ్లీ పొడవాల్సి వస్తుంది. గట్టిగా ఆనించి ఒక్కసారే నొక్కండి.

మొదటి చుక్కను గాజ్‌తో తుడిచేయండి. రక్తం రాకపోతే వేలి కొసను పిండొద్దు: కణజాలంలోని నీరు కలిసి రక్తం పలచబడుతుంది. అరచేతి వైపు నుంచి మెల్లగా నిమరండి. అయినా రాకపోతే కొత్త లాన్సెట్‌తో వేరే వేలు.

పెద్ద చుక్క వేలాడేదాకా ఆగి, కాగితానికి వేలు తగలకుండా చుక్కను మాత్రమే వలయం మధ్యలో తాకించండి. ఒక వలయానికి ఒకే చుక్క. కార్డు వెనక వైపుకూ ఇంకాలి. చాలలేదని అదే వలయంలో ఇంకో చుక్క వేయకండి. ల్యాబ్‌లో ఆ మచ్చలోంచి చిన్న బిళ్ల కత్తిరించి, అందులో ఇంత రక్తం ఉంటుందన్న లెక్కతో కొలుస్తారు. రెండు పొరలైతే ఆ లెక్క పోతుంది. సగం నిండిన దాన్ని వదిలేసి పక్క వలయానికి వెళ్లండి.

కార్డును పడుకోబెట్టి, మచ్చలు దేనికీ తగలకుండా కనీసం 3–4 గంటలు నీడలో ఆరనివ్వండి. కిట్‌లో ఇంకా ఎక్కువ చెబితే అంతసేపు. ఎండ, హెయిర్ డ్రయ్యర్ వద్దు. తడిగా మూస్తే బూజు పడుతుంది. ఆరాక సిలికా పొట్లంతో సహా సంచిలో పెట్టి, తీసిన తేదీ రాసి, వెంటనే పోస్టు చేయండి.

ఇక మీరు వేసుకునే మాత్రల వివరాలు అడిగే ఫారం. చెడిన కార్డును ల్యాబ్ చాలాసార్లు పట్టేస్తుంది, తప్పు జవాబును పట్టే యంత్రం లేదు. విటమిన్ డి డబ్బా మీద 25 మైక్రోగ్రాములు అని ఉంటే అది 1000 ఐయూ (విటమిన్లను కొలిచే అంతర్జాతీయ యూనిట్లు). ఐయూ గడిలో 25 అని రాస్తే మీ డోసు నలభయ్యో వంతుకు పడిపోతుంది. డబ్బా ఎదురుగా పెట్టుకునే నింపండి. రోజూ వేసుకోకపోతే ఆ మాటే రాయండి.

సంతకానికి ముందు సమ్మతి పత్రంలో చూడాల్సింది పేరు తీసేస్తారా అన్నది ఒక్కటే కాదు. పుట్టిన తేదీ, పిన్‌కోడ్, లింగం మూడూ కలిపితే చాలామందిని గుర్తుపట్టొచ్చని డేటా గోప్యత నిపుణురాలు లటాన్యా స్వీనీ పరిశోధన అమెరికాలో చూపించింది. తేదీ బదులు పుట్టిన సంవత్సరమో వయసు శ్రేణో, పిన్‌కోడ్ బదులు పెద్ద ప్రాంతమో పంచుకుంటున్నారేమో అడగండి. మిగిలిన రక్తాన్ని ఎన్నాళ్లు దాస్తారు, జన్యు పరీక్షలకు వాడతారా, మీరు తప్పుకుంటే ఏం జరుగుతుంది అన్నవీ అడగండి. పేరుతో లంకె పూర్తిగా తెంచేశాక పరిశోధకులకు వెళ్లిన పట్టికలో మీ వరస ఏదో సంస్థకే తెలియదు, కాబట్టి దాన్ని వెనక్కి తీయడం కుదరదు. తప్పుకునే ఆలోచన ఉంటే అంతకుముందే చెప్పాలి.

రిపోర్టులో అంకె హద్దు దాటితే మందు మొదలుపెట్టకుండా డాక్టరు దగ్గర నరం నుంచి తీసిన రక్తంతో మళ్లీ చూపించుకోండి.