జపనీస్ స్టేక్‌హౌస్‌కు మొదటిసారి వెళ్లేవారికి కొన్ని సూచనలు

అమెరికాకు వచ్చిన కొత్తలో, ఆఫీసువాళ్లంతా కలిసి భోజనానికి వెళ్లడమో, పిల్లల స్నేహితుల పుట్టినరోజో, ఏదో ఒక సందర్భంలో జపనీస్ స్టేక్‌హౌస్‌కు వెళ్లవలసి వస్తుంది. కళ్లెదుటే వండి వేడివేడిగా వడ్డించే ఆ భోజనం నిజంగా బాగుంటుంది. అయితే గొడ్డుమాంసం ముట్టనివారు, శాకాహారులు, హలాల్ పాటించేవారు అక్కడి పద్ధతి తెలియక, మొహమాటంతో నోరు విప్పలేక, ప్లేటు ముందు పెట్టుకుని తినకుండానే లేచి వచ్చేస్తుంటారు. ఎవరికీ అలా జరగకూడదనే ఈ నాలుగు మాటలు.

వెడల్పాటి ఇనుప పెనం చుట్టూ మూడు వైపులా మనల్ని కూర్చోబెట్టి, నాలుగో వైపు వంటవాడు నిలబడి వండే ఈ పద్ధతి పేరు తెప్పన్‌యాకి. 1945లో కోబె నగరంలో మొదలైన మిసోనో రెస్టారెంటు దీనికి ఆద్యమని చెబుతారు. 1964లో రాకీ ఆవోకి న్యూయార్క్‌లో బెనిహానాను తెరిచాక ఇది అమెరికన్లకు బాగా అలవాటైంది. ఇక్కడి మెనూలలో దీన్నే హిబాచి అని రాస్తారు కాబట్టి, రెండు పేర్లు చూసి అవి రెండు వేర్వేరు వంటలేమోనని తికమకపడనక్కరలేదు. ఒక్కో బల్ల దగ్గర ఇంచుమించు ఎనిమిది మంది కూర్చుంటారు. మీరు నలుగురే వెళితే మిగిలిన కుర్చీలలో ముక్కూమొహం తెలియనివారిని కూర్చోబెట్టడం అక్కడ మామూలే. శుక్ర, శనివారాల సాయంత్రాలు రద్దీగా ఉంటుంది కనుక ముందుగా రిజర్వు చేసుకోవడం మంచిది.

అసలు జాగ్రత్తపడవలసింది ఆ పెనం విషయంలోనే. బల్ల చుట్టూ ఉన్న అందరి వంటా ఒకే పెనం మీద, ఒకే జత అట్లకాడలతో జరుగుతుంది. సాధారణంగా ముందు గుడ్డు కొట్టి ఫ్రైడ్ రైస్ కలుపుతారు, తర్వాత గుమ్మడి జాతికి చెందిన జుకినీ, ఉల్లిపాయ, పుట్టగొడుగులు వేయిస్తారు, చివర్లో రొయ్యలు, చికెన్, స్టేక్ అనే మందపాటి గొడ్డుమాంసం ముక్కలు పక్కపక్కనే వేస్తారు. వంటవాడు రాకముందే సర్వర్ ఆర్డర్ తీసుకుంటాడు. చెప్పుకోవలసింది సరిగ్గా అప్పుడే. మీ భోజనం లోపలి వంటగదిలో, వేరే పాత్రలో వండి తెమ్మని అడిగితే చాలాచోట్ల కాదనరు. అది కుదరదంటే మీది అందరికంటే ముందు వండమనవచ్చు గాని, అంతకుముందు కూర్చున్నవారి మాంసం వండి, గీకి తుడిచిన పెనం కూడా అదే కాబట్టి, నిష్ఠగా ఉండేవారికి ఆ ఏర్పాటు సరిపోదు. రొయ్యలో, సోయానో, నువ్వులో ఒంటికి పడనివారు మాత్రం వద్దని ఊరుకోకుండా, అలర్జీ ఉందని స్పష్టంగా చెప్పాలి.

మెనూలో బీఫ్ అన్న మాట ఎక్కడా కనిపించకపోవచ్చు. ఫిలె మిన్యాన్, న్యూయార్క్ స్ట్రిప్, సర్లాయిన్, రిబై, వాగ్యూ అన్నవన్నీ గొడ్డుమాంసమే. ఉల్లికాడల చుట్టూ మాంసం చుట్టి కాల్చే నెగిమాకి కూడా సాధారణంగా దానితోనే చేస్తారు. కజ్జికాయలా మడిచిన గ్యోజాలో తరచుగా పందిమాంసం ఉంటుంది. మొదట తెచ్చే పల్చటి ఉల్లి సూప్ చాలాచోట్ల చికెన్‌తో గాని బీఫ్‌తో గాని మరిగించినది, పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో సూప్‌కు ఆధారమైన దాషి అనే చారు ఎక్కువగా ఎండుచేప తురుముతో కాచినది. పిల్లలు ఇష్టపడే యమ్ యమ్ సాస్‌లో మయొనేజ్ ద్వారా గుడ్డు చేరుతుంది, తెరియాకి సాస్‌లో మిరిన్ లేదా సాకె అనే బియ్యపు మద్యం ఉండవచ్చు. ఇవన్నీ పక్కన పెట్టినా, ఉప్పు చల్లిన ఎడమామె అనే లేత సోయా కాయలు, అల్లం డ్రెస్సింగ్ వేసిన సలాడ్, టోఫు అనే సోయా పనీర్‌తో కూరగాయల హిబాచి, ఫ్రైడ్ రైస్‌కు బదులు తెల్లన్నం అడిగి కడుపునిండా తినవచ్చు.

ఉల్లి చక్రాలు దొంతిగా పేర్చి మంట రేపేటప్పుడు వేడి ముఖానికి కొడుతుంది. చిన్నపిల్లలను పెనానికి ఆనుకుని కూర్చోబెట్టకండి.

సుషీ విషయానికొస్తే, దాని ప్రాణమంతా వెనిగర్ కలిపిన అన్నంలోనే ఉంది, చేప ఉండి తీరాలన్న నియమమేమీ లేదు. మొదటిసారి తినేవారికి దోసకాయ రోల్, అవకాడో రోల్ తేలిక. కాలిఫోర్నియా రోల్‌లో పీతగా కనిపించేది సాధారణంగా తెల్లచేపను రుబ్బి చేసిన ముద్ద, కాబట్టి శాకాహారులు దాని జోలికి పోకూడదు. అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టిన నిగిరిని చేత్తో తినడం అక్కడ తప్పు కాదు. చేప ఉన్న వైపు మాత్రమే సోయా సాస్‌లో అద్దాలి, అన్నం వైపు ముంచితే సాస్ పీల్చుకుని ముద్ద విడిపోతుంది. వసాబీ పేరుతో పెట్టేది ఎక్కువగా హార్స్‌రాడిష్ అనే ఘాటైన వేరు, ఆవపిండి కలిపిన ఆకుపచ్చ ముద్ద. దాని ఘాటు మిరపకారంలా నాలుక మీద నిలవకుండా ఆవ ఘాటులా ముక్కుకెక్కుతుంది, గోరంత చాలు. గులాబీరంగు అల్లం ముక్కలు ఒక రకం తిన్నాక మరో రకానికి ముందు నోరు శుభ్రం చేసుకోవడానికి. చాప్‌స్టిక్‌లను అన్నంలో నిలువుగా గుచ్చడం జపాన్‌లో చావు ఇంటి ఆచారం, అది చేయకండి. పచ్చి చేపలో పరాన్నజీవులు చావడానికి మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 7 రోజులు ఉంచడం వంటి పద్ధతులు పాటిస్తారు గాని, అంతమాత్రాన అన్ని సూక్ష్మజీవులూ పోవు. అందుకే గర్భిణులు, పసిపిల్లలు పచ్చి చేప తినకపోవడమే మేలు.

బిల్లు వచ్చాక గ్రాట్యుటీ (అంటే టిప్) అన్న వరుస ఉందేమో చూడండి. ఆరుగురో, అంతకంటే ఎక్కువ మందో వెళితే చాలా రెస్టారెంట్లు 18 శాతం తామే కలిపేస్తాయి, అప్పుడు మళ్లీ టిప్ ఇవ్వనక్కరలేదు. అది లేకపోతే పన్నుకు ముందున్న మొత్తంపై 15 నుంచి 20 శాతం ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. హిబాచి వడ్డన ఎక్కువగానే ఉంటుంది, మిగిలితే బాక్సు అడిగి తీసుకెళ్లి రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టండి; పచ్చి చేపతో చేసిన సుషీని మాత్రం అక్కడే తినేయండి.