వీధి సమస్యను విధానసభ ప్రశ్నగా మలచడం ఎలా: బెంగళూరు తెలుగువారి కోసం

తూర్పు బెంగళూరులో మేముండే లేఅవుట్ వెనుక ఒక రాజకాలువ, అంటే వాననీరు పోయే పెద్ద కాలువ, ఉంది. 2022 సెప్టెంబరు వానలకు అది పొంగి కింది ఇళ్లలో మోకాటిలోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు తీసిన తరువాత మా సంఘంలోని నాలుగైదు తెలుగు కుటుంబాలవాళ్లం కూర్చొని, మా శాసనసభ్యులు సభలో అడగడానికని ఒక ప్రశ్న రాసి పంపాం. "జనం నీళ్లలో మునుగుతుంటే ప్రభుత్వం నిద్రపోతోందా? ఆక్రమణదారులతో కుమ్మక్కైన అధికారులను శిక్షించేది ఎప్పుడు?" అన్నది దాని సారాంశం. ఎమ్మెల్యే గారి ఆప్తకార్యదర్శి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, "మీ బాధ అర్థమైందండి, కానీ ఇందులో ప్రభుత్వం లెక్క చెప్పవలసిన మాట ఒక్కటీ లేదు" అని మర్యాదగానే తిరిగి ఇచ్చారు. మా కోపమంతా కాగితం మీద ఉంది గాని, మంత్రి బదులు చెప్పక తప్పని విషయం అందులో లేదని అప్పుడు తెలిసింది. ఆ తరువాత మా కాగితాన్నీ, ఇరుగుపొరుగు సంఘాల కాగితాలనూ తిరగరాస్తూ నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట తేల్చుకోవలసింది, విషయం ఏ ప్రభుత్వానిదన్నది. రాజ్యాంగం ఏడవ షెడ్యూల్ ప్రకారం స్థానిక సంస్థలు, ప్రజారోగ్యం, పోలీసు, నీరు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి; రైల్వేలు కేంద్రానివి; విద్య 42వ సవరణ తరువాత ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది. మన మెట్రో కేంద్రం, రాష్ట్రం సగం సగం వాటాతో నడిపే సంస్థ కాబట్టి దాని గురించి అడిగేటప్పుడు రాష్ట్రం తీసుకున్న నిర్ణయాన్ని పట్టుకొని అడగాలి. కాలువ రైలు పట్టాల కింద ఇరుకైన తూము గుండా పోతుంటే, ఆ తూము సంగతి విధానసభలో అడిగి లాభం లేదు, దానికి లోక్‌సభ సభ్యుల దగ్గరికి వెళ్లాలి.

వార్డు స్థాయి పనులకు కార్పొరేటరు ఉండాలి గదా అని ఎవరికైనా అనిపిస్తుంది. బెంగళూరు నగర పాలక మండలి గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది; 2025 సెప్టెంబరులో నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా విభజించేదాకా ఎన్నిక జరగలేదు. ఆ ఐదేళ్లలో మోరీ పూడిక నుంచి వీధిదీపం దాకా ప్రతిదీ ఎమ్మెల్యేల బల్ల మీదికి చేరింది. ఈ నగరంలో విధానసభ ప్రశ్నకు ఇంత బరువు రావడానికి అది ఒక పెద్ద కారణమని నా అభిప్రాయం.

రాష్ట్రానిదే అని తేలిన తరువాత ఏ శాఖ అన్నది చూడాలి. కాలువ అసలు వెడల్పు ఎంతో రెవెన్యూ సర్వే పటంలో ఉంటుంది, పూడిక తీయించేది నగర పాలక సంస్థ, అందులో కలుస్తున్న మురుగు జలమండలి, అంటే నగర నీటి సరఫరా, మురుగునీటి సంస్థ, పరిధిలోకి వస్తుంది. ముగ్గురినీ కలిపి ఒకే ప్రశ్న అడిగితే ముగ్గురూ పక్కవాళ్లను చూపించే అవకాశం ఉంటుంది. ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క ప్రశ్న రాయండి.

ప్రశ్న అడిగే హక్కు మనకు ఊరికే రాలేదు. 1892 చట్టంతో రాష్ట్రాల సభల్లో సభ్యులకు ప్రశ్నించే వీలు కలిగింది, కానీ జవాబు మీద మరో మాట అడగడానికి వీలుండేది కాదు. 1909లో గాని మొదట అడిగిన సభ్యుడికి అనుబంధ ప్రశ్న వేసే హక్కు రాలేదు. స్కాట్లండులో 1999లో మొదలైన శాసనసభ కూడా ఈ విషయంలో చూడదగినది. అక్కడి 129 మంది సభ్యులు ప్రభుత్వానికి ఇచ్చే లిఖిత ప్రశ్నలన్నీ "స్కాట్లండు ప్రభుత్వాన్ని అడుగుతున్నది ఏమనగా" అన్న ఒకే ఎత్తుగడతో మొదలవుతాయి, సభ నడుస్తున్న కాలంలో మామూలుగా పది పనిదినాల్లో జవాబు రావాలి. ఆ ఎత్తుగడను మనం కూడా మనసులో పెట్టుకొని రాస్తే మంచిది, ఎందుకంటే అలా మొదలైన వాక్యంలో తిట్టుకు చోటుండదు.

ఎవరిచేత అడిగించాలన్నది తరువాతి సంగతి. కర్ణాటక విధానసభలో 224 మంది సభ్యులున్నారు. మీ ఎమ్మెల్యే మంత్రి అయితే ఆయన జవాబు చెప్పే వరుసలో కూర్చుంటారు గాని ప్రశ్న అడగరు, సభాపతి అయినా అంతే. అటువంటప్పుడు చాలామంది ఆశ వదులుకుంటారు, కానీ 75 మంది సభ్యులున్న విధాన పరిషత్తు (మన శాసనమండలి వంటిది) అనే రెండో ద్వారం ఉంది. అందులో ఏడుగురిని పట్టభద్రులు, ఏడుగురిని ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. డిగ్రీ పూర్తయి, ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్లలో ఎంతమంది పట్టభద్రుల ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేయించుకున్నారో ఒకసారి మీ అపార్టుమెంటులో అడిగి చూడండి. అధికార పక్ష సభ్యులు అడగరన్న భయం కూడా అక్కర్లేదు. లెక్కలు అడిగే ప్రశ్నకు వాళ్లు సాధారణంగా వెనుకాడరు, నింద ఉన్న ప్రశ్నకే వెనుకాడతారు.

ప్రశ్నలు రెండు రకాలు. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు, ఇక్కడి కన్నడంలో చుక్కె గురుతిన ప్రశ్నెకు, మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు లిఖితపూర్వకంగా జవాబు వస్తుంది. టీవీలో కనిపిస్తుందని అందరూ మొదటిదాన్నే కోరుకుంటారు. అయితే నోటి జవాబుకు వచ్చే ప్రశ్నలు రోజుకు కొన్నే, పైగా పిలిచినప్పుడు సభ్యుడు సభలో లేకపోతే ఆ అవకాశం జారిపోతుంది. మీకు కావలసింది అంకెలైతే లిఖిత జవాబే మేలు: అది కాగితం మీద, పట్టికతో సహా, మీ చేతికి వస్తుంది. ఆ అంకెలు వచ్చాక, వాటి మీద మంత్రిని సభలో నిలదీయవలసి వస్తే, అప్పుడు నక్షత్రం గుర్తు ప్రశ్నకు వెళ్లండి.

ఇక అసలు పని, ప్రశ్న రాయడం. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. లోక్‌సభ నియమావళిలో 41వ నియమం ప్రశ్నకు 150 పదాల హద్దు పెట్టింది. వాదన, ఊహ, వ్యంగ్యం, నింద, విశేషణాలు ఉండకూడదని, అభిప్రాయం అడగకూడదని, కోర్టు విచారణలో ఉన్న విషయం తీసుకురాకూడదని, ఇదివరకే జవాబు వచ్చినదాన్ని మళ్లీ అడగకూడదని చెప్పింది. రాష్ట్రాల సభలు రాజ్యాంగం 208వ అధికరణం కింద తమ నియమాలు తామే రాసుకున్నా, అచ్చు చాలావరకు ఇదే. మా మొదటి కాగితాన్ని ఈ నియమం పక్కన పెట్టి చూస్తే, "నిద్రపోతోందా" అన్నది వ్యంగ్యం, "కుమ్మక్కైన" అన్నది నింద, "శిక్షించేది ఎప్పుడు" అన్నది నేరం రుజువైనట్టే అనుకొని అడిగిన మాట. మూడూ పోతే కాగితంలో ఏమీ మిగలలేదు.

మూడు సాయంత్రాలు కూర్చొని తిరగరాసిన ప్రశ్న ఇలా వచ్చింది:

"(అ) ఈ గ్రామంలోని ఫలానా సర్వే నంబర్ల మీదుగా పోయే రాజకాలువ గ్రామ పటం ప్రకారం ఎంత వెడల్పు ఉండాలి, తాజా కొలతలో ఎంత ఉంది? (ఆ) ఆ నిడివిలో గుర్తించిన ఆక్రమణలు ఎన్ని, వాటిలో తొలగించినవి ఎన్ని, నోటీసు ఇచ్చి కూడా తొలగించనివి ఎన్ని? (ఇ) గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఈ కాలువ పూడికతీతకు మంజూరైనది ఎంత, ఖర్చైనది ఎంత, ఏడాదివారీగా? (ఈ) మిగిలిన ఆక్రమణల తొలగింపునకు నిర్ణయించిన గడువు ఏది; నిర్ణయించకపోతే కారణం ఏమి?"

ఇందులో ఏ భాగానికీ అవును, కాదు అని జవాబు చెప్పి తప్పుకోవడానికి వీల్లేదని గమనించండి. ఇక్కడి సభల్లో చాలా ప్రశ్నలు "సర్కారద గమనక్కె బందిదెయే", అంటే ప్రభుత్వ దృష్టికి వచ్చిందా, అన్న మాటతో మొదలవుతాయి. దానికి "లేదు" అని ఒక్క మాటలో జవాబిస్తే, కిందనున్న భాగాలన్నిటికీ "ఉద్భవిసువుదిల్ల" అని రాసి ముగించవచ్చు. మన తెలుగు సభల్లో "ప్రశ్న ఉత్పన్నం కాదు" అనేది ఇదే. అందుకే పై భాగం కూలితే కింది భాగం కూలకుండా, ప్రతి భాగమూ తన కాళ్ల మీద తాను నిలబడేట్టు రాయాలి. (ఆ)లో మూడు అంకెలు అడగడానికి కూడా కారణం ఉంది. తొలగించినవి, నోటీసు ఇచ్చినవి కలిపి గుర్తించినవాటికి సరిపోకపోతే, నోటీసు కూడా అందని ఆక్రమణలు ఎన్నో ఆ తేడాయే చెబుతుంది. ఆ మాట మనం అనవలసిన పని లేదు. (ఈ)లో "నిర్ణయించకపోతే కారణం ఏమి" అన్న తోక లేకపోతే "త్వరలో చర్యలు తీసుకుంటారు" అన్న వాక్యంతో సరిపెట్టుకోవలసి వస్తుంది.

ఒకరిద్దరు ఆక్రమణదారులు కోర్టుకు వెళ్లి ఉంటే వాళ్ల పేర్లు, ఆ కేసు ఎత్తకండి. మొత్తం లెక్క మాత్రమే అడగండి. ప్రశ్న పంపేముందు సమాచార హక్కు చట్టం కింద ఒక అర్జీ పెట్టి గ్రామ పటం నకలు తెచ్చుకోవడం చాలా అవసరం. దానికి గడువు 30 రోజులు. సగం జవాబు మన దగ్గర ముందే ఉంటే, సభకు వచ్చిన అంకె సరైనదో కాదో ఆ రోజే చెప్పగలుగుతాం.

భాష సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 210వ అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ వ్యవహారాలు రాష్ట్ర అధికార భాషలో గాని, హిందీలో గాని, ఆంగ్లంలో గాని జరుగుతాయి. ఆ భాషల్లో తగినట్టు మాట్లాడలేని సభ్యుడిని మాతృభాషలో మాట్లాడడానికి సభాపతి అనుమతించవచ్చు. కాగితం మాత్రం కన్నడంలో ఇవ్వడమే మంచిది. మేము తెలుగులో ఆలోచించి రాసుకున్న ప్రతిని, మా వీధిలోనే ఉండే రిటైరైన కన్నడ ఉపాధ్యాయిని గారి దగ్గరికి తీసుకువెళ్లాం. ఆమె కన్నడంలోకి మార్చుతూ ఒక మాట దగ్గర ఆగి, "మీరు ఇక్కడ 'కాలువ' అని మాత్రమే రాశారు, రికార్డులో 'రాజకాలువె' అని ఉంటుంది, అదే రాయండి" అన్నారు. మనకు కాలువ అంటే పొలాలకు నీరు పారేది కూడా. ఉత్త కాలువ అని రాస్తే ఆ ప్రశ్న నీటిపారుదల శాఖకు వెళ్లి, తిరిగి రావడంలోనే సమావేశాలు ముగిసిపోవచ్చు. రికార్డులో ఏ పేరుందో ఆ పేరే, సర్వే నంబరుతో సహా, వాడండి. ఇన్నేళ్లుగా పక్కింట్లో ఉన్న ఆమెతో మేము అంత సేపు కూర్చొని మాట్లాడడం అదే మొదటిసారి, ఆ సాయంత్రం ఇప్పటికీ నాకు గుర్తుంది.

సమయం చూసుకోవాలి. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదని 174వ అధికరణం చెబుతుంది. సాధారణంగా శీతాకాల సమావేశాలు బెళగావిలోని సువర్ణ విధానసౌధలో జరుగుతాయి. ప్రశ్న నోటీసు సభ్యుడు చాలా రోజులు ముందుగా ఇవ్వాలి కాబట్టి, సమావేశాల తేదీలు పేపర్లో వచ్చాక కాగితం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. తేదీలు రాకముందే ప్రశ్న, గ్రామ పటం నకలు, రెండు ఫొటోలు, ఒక పేజీ వివరణ ఒకే ఫైలులో పెట్టి ఎమ్మెల్యే గారి కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. నక్షత్ర గుర్తు ప్రశ్న అయితే మూడు అనుబంధ ప్రశ్నలు విడి చీటీల మీద రాసివ్వండి. సభలో నిలబడ్డ మనిషికి పొడుగాటి పేజీ చదివే తీరిక ఉండదు.

జవాబు వచ్చాక పని సగమే అయినట్టు. మొదట అనుబంధ పట్టిక చూడండి, అసలు సమాచారం సాధారణంగా అందులోనే ఉంటుంది. "పరిశీలనలో ఉంది", "విచారించి సభకు తెలియజేస్తాం" వంటి వాక్యాలు కనిపిస్తే నిరాశపడకండి. అటువంటి మాటలను లోక్‌సభ హామీలుగా లెక్కగడుతుంది. వాటిని మూడు నెలల్లో నెరవేర్చాలని అక్కడి ఆనవాయితీ, నెరవేరనివాటిని ప్రభుత్వ హామీల కమిటీ వెంటాడుతుంది. ఇక్కడి సభలకు కూడా అటువంటి కమిటీలున్నాయి. కాబట్టి ఆ వాక్యాన్ని ప్రశ్న సంఖ్య, తేదీతో సహా ఒక పుస్తకంలో రాసిపెట్టుకొని, గడువు దాటగానే మీ సభ్యుడి ద్వారా కమిటీ అధ్యక్షులకు ఒక ఉత్తరం పెట్టించండి.

మా ప్రశ్నకు (అ), (ఆ), (ఇ) భాగాలకు అంకెలు వచ్చాయి. (ఈ) భాగానికి "ఉమ్మడి కొలత పూర్తయిన తరువాత గడువు నిర్ణయిస్తారు" అని వచ్చింది. తరువాతి సమావేశాలకు మేము పంపిన ప్రశ్న మొదటి భాగం ఇది: "ఫలానా తేదీన, ఫలానా సంఖ్య గల ప్రశ్నకు ఇచ్చిన జవాబులో పేర్కొన్న ఉమ్మడి కొలత ఏ తేదీన మొదలైంది, ఏ తేదీన ముగిసింది, కొలత పత్రం మీద సంతకం చేసిన అధికారుల హోదాలు ఏవి?"