గుడి లెక్కలు చదవడం - 3వ పాఠం: హుండీ పంచనామా

పోయిన వారం రసీదు పుస్తకాలు చూశాం. రసీదుకు నంబరు ఉంటుంది, హుండీలో పడిన నోటుకు అదీ ఉండదు. అందుకే లెక్కింపు రోజు సాక్షుల ముందు రాసే పంచనామాయే ఆ డబ్బుకు మొట్టమొదటి కాగితం. అక్కడ తప్పిందంటే తర్వాత ఎంతటి ఆడిటరు వచ్చినా పట్టుకునేదేమీ ఉండదు.

పంచనామా చేతికి రాగానే మొత్తం ఎంతో చూడకండి. పేపర్లో వచ్చేది అదే, అందరూ చూసేదీ అదే. ముందు సీళ్ల సంగతి చూడండి. తెరిచేటప్పటికి సీలు చెదరకుండా ఉందని రాశారా? దేవాదాయ శాఖ నుంచి వచ్చినవారి సంతకం ఉందా, లేక ఈవో (గుడి కార్యనిర్వహణాధికారి), గుమాస్తా ఇద్దరే కానిచ్చేశారా?

తర్వాత నోట్ల పట్టిక. అభ్యాసానికి ఒక ఊహా గుడి తీసుకుందాం. 500 నోట్లు 412, మిగతా నోట్లన్నీ కలిపి రూ.2,54,000, చిల్లర రూ.21,400. మొత్తం రూ.4,81,400. మర్నాడు బ్యాంకు చలానాలో మాత్రం రూ.4,60,000 ఉంది. అప్పుడే దొంగ దొరికాడనుకోకండి. చిల్లర బ్యాంకువాళ్లు ఒక పట్టాన తీసుకోరు. కాకపోతే ఆ రోజు క్యాష్ బుక్ ముగింపు నిల్వలో ఆ రూ.21,400 కనబడాలి. కనబడలేదా, అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ఇంకో మెలిక ఉంది. చలానాలో మొత్తం సరిపోయి, 500 నోట్లు మాత్రం 350 ఉన్నాయనుకోండి. 62 నోట్లు, అంటే రూ.31,000, చిన్న నోట్లుగా మారాయి. మధ్యలో ఎవరైనా వాడుకుని సర్దారా? ఆడిట్లో మొత్తం ఒక్కటే చూస్తే ఇది బయటపడదు.

బంగారానికి బరువొక్కటే రాస్తే చాలదు, వస్తువు పేరూ ఉండాలి. విదేశీ నోట్లకు ఏ దేశానివో, ఏ విలువవో, ఎన్నో రాయాలి. 2023లో తిరుమల పరకామణిలో (హుండీ కానుకలు లెక్కించే చోట) పట్టుబడిన చోరీ విదేశీ కరెన్సీదే. లోక్ అదాలత్‌లో రాజీ అయిన ఆ కేసుపై 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సీఐడీ దర్యాప్తుకు ఆదేశించింది.

ఆదాయం పెరిగిందా, తగ్గిందా అని తేల్చేటప్పుడు తేదీలను నమ్ముకోకండి. కార్తీకం 2022లో అక్టోబరు 26న మొదలైతే, అధిక శ్రావణం వచ్చిన 2023లో నవంబరు 14న మొదలైంది. రెండేళ్ల నవంబరు హుండీలు పక్కపక్కన పెడితే శివాలయం లెక్క తప్పుదారి పట్టిస్తుంది. మాసాన్ని మాసంతోనే పోల్చండి, హుండీ ఎన్ని రోజులకు తెరిచారో చూసి రోజు సగటు తీయండి.

ఈ వారం పని: మీ ఊరి గుడి చివరి పంచనామా, చలానా, ఆ నెల క్యాష్ బుక్ పేజీల నకళ్లు కావాలని సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గుడిలో ఇవ్వబోమంటే దేవాదాయ శాఖ అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసులో పెట్టండి. జవాబుకు గడువు 30 రోజులు. అదే దరఖాస్తులో దేవాదాయ చట్టం 43వ సెక్షన్ కింద ఉండే గుడి ఆస్తుల రిజిస్టరు కూడా అడగండి. మాన్యం కౌలు వేలం పాఠానికి అది కావాలి.