మన బండి కరెంటు, 4వ పాఠం: ఛాసిస్ నంబర్‌తో రీకాల్ చూసుకోవడం

పోయిన పాఠంలో ఫ్యూజు పెట్టె తెరిచాం. ఈసారి పానాలు అక్కర్లేదు. ఒక పాత గుడ్డ, పెన్ను, ఫోన్ చాలు.

మా బావమరిది దేవరకొండలో ఉంటాడు. సెకండ్ హ్యాండ్ బండి కొన్నాడు. నల్లగొండ వచ్చే దారిలో అది మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టింది. ప్లగ్ మార్చాడు, పెట్రోలు బంకు మార్చాడు, మెకానిక్‌ను కూడా మార్చాడు. చివరికి తేలిందేమంటే, ఆ బండికి కంపెనీ ఎప్పుడో రీకాల్ ప్రకటించింది, అంటే లోపం సరిచేయడానికి బండ్లను వెనక్కి పిలిచింది. మెసేజ్ మొదటి ఓనర్ ఫోన్‌కి పోయింది. మావాడు మూడో ఓనర్. మన దగ్గర బండ్లు ఇలాగే చేతులు మారుతుంటాయి కాబట్టి మెసేజ్ కోసం ఎదురుచూడొద్దు, మనమే అడగాలి.

రీకాల్ అనగానే బండి లాక్కుంటారేమో అని టెన్షన్ పడేవాళ్లను చూశాను. అలాంటిదేమీ లేదు. తయారీలో లోపం ఉన్న భాగాన్ని కంపెనీ తన ఖర్చుతో సరిచేసి బండి మనకే ఇస్తుంది. 2021 మేలో రాయల్ ఎన్‌ఫీల్డ్ 2,36,966 బండ్లను ఇగ్నిషన్ కాయిల్ లోపం వల్ల వెనక్కి పిలిచింది. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను వేల వోల్టులకు పెంచి ప్లగ్ దగ్గర నిప్పురవ్వ పుట్టించేది ఈ కాయిలే. అది చెడితే రవ్వ బలహీనమై బండి మిస్సింగ్ కొడుతుంది, లాగదు, అరుదుగా షార్ట్ సర్క్యూట్ కూడా అవుతుంది. ఆ రీకాల్‌లో ఉన్నవి మీటియర్, క్లాసిక్, బుల్లెట్ మోడళ్లే అయినా, కొన్ని నెలల్లో తయారైన బండ్లకే అది వర్తించింది. అందుకే మోడల్ పేరు చెబితే సరిపోదు, నంబర్ కావాలి.

ఆ నంబర్ అంటే నంబర్ ప్లేటు మీద ఉండే టీఎస్ 05, టీజీ 06 లాంటిది కాదు. ప్లేటు నంబర్ బండి ఫ్యాక్టరీ దాటాక వచ్చింది. కంపెనీ లిస్టు ఛాసిస్ నంబర్ల మీద, అంటే బండి ఫ్రేమ్ మీద చెక్కిన నంబర్ల మీద ఉంటుంది. హ్యాండిల్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి, దాని కింద ఫ్రేమ్ మెడ దగ్గర చూడండి. దుమ్ము, గ్రీజు గుడ్డతో తుడిస్తే చెక్కిన అక్షరాలు కనిపిస్తాయి. అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండాలి. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు వాడరు కాబట్టి గుండ్రంగా కనిపించింది సున్నానే, నిలువు గీత ఒకటే. ఫోటో తీసి ఆర్‌సీలో ఉన్న నంబర్‌తో ఒక్కొక్కటే పోల్చండి. పాత బండి కొనేముందు ఈ రెండూ కలవకపోతే అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు.

ఇప్పుడు కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో చూడండి, లేదా సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి సూటిగా అడగండి: "ఈ ఛాసిస్ నంబర్ మీద పెండింగ్ రీకాల్ ఏమైనా ఉందా?" కొందరు దీన్నే సర్వీస్ క్యాంపెయిన్ అంటారు, ఆ మాట కూడా వాడండి. పనిలో పనిగా మీ ఫోన్ నంబర్ వాళ్ల దగ్గర ఎక్కించుకోమనండి. రీకాల్ ఉందంటే జాబ్ కార్డులో ఏ భాగం మార్చారో రాయించుకోండి. "వారంటీ అయిపోయింది" అంటే వెనక్కి రావొద్దు. వారంటీ వేరు, రీకాల్ వేరు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 110ఎ సెక్షన్ రీకాల్ గురించే. లోపం వల్ల ప్రమాదం ఉంటే కేంద్రం కంపెనీని రీకాల్ చేయమని ఆదేశించవచ్చు.

అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఒక జాగ్రత్త. వైర్లు కాలిన వాసన వస్తే వెంటనే బండి ఆఫ్ చేసి తాళంచెవి తీసేయండి. ఆ బండిని రాత్రి ఇంట్లో గానీ గడ్డివాము పక్కన గానీ పెట్టకండి. ఫ్యూజు పోతోందని దాని బదులు రాగి తీగ చుట్టొద్దు. షార్ట్ అయినప్పుడు కరెంటును తెంపేది ఆ ఫ్యూజే, తీగ పెడితే మంట వైరింగ్ మొత్తానికి పాకుతుంది.

అభ్యాసం: ఇంట్లో ఎన్ని బండ్లు ఉంటే అన్నింటి ఛాసిస్ నంబర్లు నోటుబుక్కులో రాయండి. పక్కన అడిగిన తేదీ, వాళ్లు చెప్పిన జవాబు రాయండి. వచ్చే పాఠంలో మల్టీమీటర్‌తో బ్యాటరీ చూద్దాం.