యూకే వీసా ఆలస్యమైతే ఎంపీ ద్వారా ఆరా తీయించడం ఎలా? తిరకాసంతా ఒక్క సంతకం దగ్గరే

మన దగ్గర ఎంపీ లెటర్ అంటే ముందు గుర్తొచ్చేది తిరుమల బ్రేక్ దర్శనం. లెటర్ దొరికితే పని అయినట్టే. ఈ లెక్కతోనే బ్రిటన్ వచ్చాక కూడా కొందరు మనవాళ్లు బోల్తా పడుతున్నారు. మొన్న చలికాలంలో మాకు తెలిసిన కుర్రాడొకడు భార్య వీసా కదలడం లేదని ఒకాయనకు 250 పౌండ్లు సమర్పించుకున్నాడు. "ఎంపీతో హోమ్ ఆఫీసుకు గట్టిగా రాయిస్తా" అన్నాడట ఆ పెద్దమనిషి. హోమ్ ఆఫీసు అంటే వీసాలు చూసే బ్రిటన్ ప్రభుత్వ శాఖ. తీరా చూస్తే ఆయన చేసింది ఎంపీ ఆఫీసుకు నాలుగు లైన్ల ఈమెయిల్ కొట్టడం. దానికి వచ్చిన జవాబు కూడా "సంతకం లేదు, మళ్లీ పంపండి" అని.

ఈ పనికి ఎంపీ ఆఫీసు ఒక్క పెన్నీ తీసుకోదు. మధ్యలో ఎవరూ అక్కర్లేదు కూడా.

అసలిది సిఫారసు కాదు, ఆరా. వీసా ఇవ్వాలా వద్దా అనేది హోమ్ ఆఫీసు అధికారి తేలుస్తాడు, ఎంపీ కాదు. ఫైలు ఎక్కడ ఆగింది, ఇంకేమైనా కాగితం కావాలా, ఎప్పటికి తేలుస్తారు అని అడిగే హక్కు మాత్రం ఎంపీకి ఉంది. పార్లమెంటు సభ్యుడు అడిగితే జవాబివ్వక తప్పదు కాబట్టి, ఎంపీల ఉత్తరాలు చూడటానికి హోమ్ ఆఫీసులో విడిగా ఒక బృందమే పనిచేస్తుంది. రాసిన ఉత్తరానికి 20 పనిదినాల్లో జవాబివ్వాలన్నది వాళ్లు పెట్టుకున్న గడువు. శని, ఆదివారాలు కూడా కలుపుకుంటే దాదాపు నెల. వారంలో తెప్పిస్తానని ఎవరైనా చెబితే నమ్మకండి.

ముందు మీ దరఖాస్తుకు మామూలు గడువు దాటిందో లేదో చూసుకోండి. స్కిల్డ్ వర్కర్ వీసాకు బయటి దేశం నుంచి అయితే 3 వారాలు, బ్రిటన్ లోపల నుంచి అయితే 8 వారాలు. ఐఎల్ఆర్‌కు (బ్రిటన్‌లో శాశ్వతంగా ఉండే అనుమతి), పౌరసత్వానికి 6 నెలలు. వేలిముద్రలు ఇచ్చిన రోజు నుంచి లెక్కపెట్టుకోండి. గడువు లోపే ఎంపీకి రాస్తే వచ్చే జవాబు "ఇంకా సమయం ఉంది" అనే. ఆసుపత్రి, చావు లాంటి అత్యవసరం ఉంటే సంగతి వేరు. అప్పుడు డాక్టర్ ఇచ్చిన ఉత్తరం, తేదీ కనబడేలా, జత చేయాలి.

తర్వాత మీ ఎంపీ ఎవరో చూసుకోవాలి. పార్లమెంటు వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే పేరు వస్తుంది. పాత ఫ్రెండ్ చెప్పిన పేరు పట్టుకోకండి. 2024 జూలై ఎన్నికలతో చాలా నియోజకవర్గాల సరిహద్దులు మారాయి. మొత్తం 650 మంది ఎంపీలున్నా మీకు పనికొచ్చేది ఒక్కరే. పక్క నియోజకవర్గం ఎంపీ మనవాళ్లతో బాగుంటాడని ఆయనకు రాస్తే మర్యాదగా మీ ఎంపీ దగ్గరికి పంపేస్తారు, పది రోజులు పోతాయి. ఓటు హక్కు గురించి బెంగ వద్దు. ఆ నియోజకవర్గంలో మీరు ఉంటున్నారా అన్నదే చూస్తారు. అందుకే ఈమెయిల్‌లో పోస్ట్‌కోడ్‌తో సహా పూర్తి ఇంటి చిరునామా ఉండాలి. నేరుగా కలవాలంటే 'సర్జరీ'కి టైమ్ అడగండి. ఆపరేషన్ కాదు, ఎంపీ జనాన్ని కలిసే పూటను అక్కడ అలా అంటారు, ఎక్కువగా శుక్రవారాలు పెడతారు.

ఇక అసలు చిక్కు.

దరఖాస్తు ఎవరి పేరు మీద ఉందో వాళ్ల సమ్మతి కావాలి. మీ ఐఎల్ఆర్ గురించి మీరే రాస్తే గొడవ లేదు. 2018 నాటి డేటా రక్షణ చట్టం ఎంపీలకు వెసులుబాటు ఇచ్చింది, మనిషి తానే వచ్చి అడిగితే ఆ పనికి కావాల్సిన వివరాలు వాడుకోవచ్చు. కానీ భార్య డిపెండెంట్ వీసా, అమ్మానాన్నల విజిట్ వీసా అయితే దరఖాస్తుదారు మీరు కాదు. ఫీజు మీరు కట్టి ఉండొచ్చు, ఫారం మీరే నింపి ఉండొచ్చు, స్పాన్సర్ మీరే కావచ్చు. అయినా ఫైలు వాళ్లది. మనకు ఇది వింతగా ఉంటుంది, "నా పెళ్లాం గురించి నేను అడగడానికి ఆమె సంతకమేంటి" అని ఆ కుర్రాడు కూడా విసుక్కున్నాడు. మొగుడికి తెలియకుండా, లేదా మొగుడి నుంచి తప్పించుకోవడానికి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు కూడా ఉంటారు. వాళ్లను కాపాడేదీ ఈ సంతకమే.

కాబట్టి గుంటూరులో ఉన్న భార్య ఒక కాగితం మీద ఇంగ్లీషులో ఇంత రాస్తే చాలు: నా పేరు ఇది, పుట్టిన తేదీ ఇది, పాస్‌పోర్టు నంబరు ఇది, దరఖాస్తు నంబరు ఇది. నా భర్త ఫలానా వ్యక్తి నా తరఫున ఎంపీని కలవడానికి, హోమ్ ఆఫీసు నా వివరాలు ఎంపీకి, ఆయన సిబ్బందికి, నా భర్తకు చెప్పడానికి ఒప్పుకుంటున్నాను. కింద సంతకం, తేదీ. స్టాంపు పేపరు, నోటరీ ఏమీ వద్దు. కొన్ని ఎంపీ ఆఫీసులు తమ సొంత ఫారం పంపుతాయి, అప్పుడు అదే నింపాలి.

ఇంత చిన్న కాగితం మీద కూడా జారిపోతారు. ఆ కుర్రాడి విషయంలో రెండోసారి పంపింది కూడా వెనక్కి వచ్చింది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలో కింద తేదీ సగం కోసుకుపోయింది. పైగా ఆమె సంతకం పెళ్లి తర్వాతి ఇంటిపేరుతో ఉంది, పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంది. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం, పేరంతా ఒకే గడిలో ఉండటం మామూలే కదా. ఎలా ఉంటే అలా, అక్షరం పొల్లు పోకుండా రాయండి. ఫొటో కాకుండా స్కాన్ చేసి పీడీఎఫ్ పంపిస్తే మేలు.

నంబర్లు కూడా కలగలిపేస్తారు. బయటి దేశం నుంచి పెట్టిన దరఖాస్తుకు జీడబ్ల్యూఎఫ్‌తో మొదలయ్యే నంబరు ఉంటుంది. బ్రిటన్ లోపల పెట్టినదానికి యూఏఎన్ అనే 16 అంకెల దరఖాస్తు నంబరు. వీసా దరఖాస్తులు తీసుకునే హైదరాబాద్ వీఎఫ్ఎస్ సెంటర్ రసీదు నంబరు ఒక్కటే పంపితే సరిపోదు.

జవాబు హోమ్ ఆఫీసు నుంచి మీకు రాదు, ఎంపీకి వస్తుంది, ఆయన ఆఫీసు మీకు పంపుతుంది. "పరిశీలనలో ఉంది", "ఈ కేసు సూటిగా లేదు, అదనపు తనిఖీలు జరుగుతున్నాయి" అనేవి తరచూ కనబడే మాటలు. రెండోది చూసి గుండెలు బాదుకోనక్కర్లేదు, అది తిరస్కరణ కాదు. ఎంపీకి చెప్పుకున్నారని అధికారులు కక్ష కడతారన్న భయం కూడా పెట్టుకోవద్దు, వాళ్లకిది రోజువారీ పని. వీసా గడువు ముగియకముందే పొడిగింపుకు పెట్టుకుని ఉంటే 1971 ఇమిగ్రేషన్ చట్టం 3సీ సెక్షన్ కింద నిర్ణయం వచ్చేదాకా పాత హక్కులే కొనసాగుతాయి. ఈలోగా ఇండియా వెళ్లొద్దామని విమానం ఎక్కితే మాత్రం ఆ దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క.

ఇప్పటికే తిరస్కరించారా? అయితే ఎంపీ జవాబు కోసం కూర్చోకండి. అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ (నిర్ణయంలో తప్పుందేమో మళ్లీ చూడమని హోమ్ ఆఫీసునే అడగడం) హక్కు ఉంటే బ్రిటన్ లోపల 14 రోజులు, బయట 28 రోజులే గడువు. ఎంపీ ఉత్తరం ఆ గడువును ఆపదు. 20 పనిదినాలు చూద్దాంలే అనుకుంటే 14 రోజులు ఎప్పుడో దాటిపోతాయి. సలహా కావాలంటే సొలిసిటర్‌నో, ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో నమోదైన సలహాదారునో వెతుక్కోండి. 2025 జనవరికి ముందు దాని పేరు ఓఐఎస్‌సీ. నమోదు లేకుండా ఇమిగ్రేషన్ సలహా ఇవ్వడం 1999 చట్టం ప్రకారం నేరం, డబ్బు తీసుకోకపోయినా సరే.

"పార్లమెంటులో మీ గురించి ప్రశ్న వేయిస్తా" అనేవాళ్లూ తగులుతారు. ఒక వ్యక్తి ఫైలు గురించి సభలో ప్రశ్న పడినా మంత్రి ఇచ్చే జవాబు సాధారణంగా ఒకటే: విడి కేసుల మీద మేం వ్యాఖ్యానించం. అదే ఉత్తరం రాస్తే ఎంపీకి మీ ఫైలు సంగతి చెబుతారు. ఆ కుర్రాడికి చివరికి దారి చూపించింది కూడా ఆ ఉత్తరమే, మూడోసారి సంతకం, పేరు సరిగ్గా కుదిరాక. జీతం స్లిప్పుల్లో ఒక నెలది అందలేదట, అంతే.

నిర్ణయం వచ్చాక ఎంపీ ఆఫీసుకు ఒక లైను ఈమెయిల్ పెట్టండి. లేకపోతే వాళ్లు ఆ ఫైలు గురించి మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉంటారు.